గోలెం కింద ఎర్రరాయి

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. పీట కావాలంటే ఆ మూలన ఉంది, లాక్కోండి. నాకిప్పుడు గొంతు పెంచి చెప్పే ఓపిక లేదు, ఇది గొంతు పెంచి చెప్పే సంగతీ కాదు. చేతిలో పనేదన్నా ఉంటే మానొద్దు, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూనే వినొచ్చు.

ఇక్కడ బ్రాడీపేటలో, మా అమ్మాయి వాళ్ళ అపార్టుమెంటులో, ఎదురు వాటా వాళ్ళు గచ్చుకి పాలిష్ పట్టిస్తున్నారు. పొద్దున్నే మిషను మొదలవుతుంది, కాసేపటికి బూడిదరంగు నీళ్ళు వాళ్ళ గడప దాటి, నడవలోకి పాకి, మెట్ల మీద చుక్కలు చుక్కలుగా దిగుతాయి. మా అమ్మాయి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, వాచ్‌మన్‌ని పిలిచి కడిగించమంటుంది. నేను మాత్రం తలుపు ఓరగా తీసుకుని అక్కడే కుర్చీ వేసుకుంటాను. ఆ వాసన మీకు ఎట్లా చెప్పను? తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన కాదు, బావి గట్టు మీద పాచి వాసన కాదు. రాయి రాయితో ఒరుసుకుని, రెండిటి మధ్యా చిక్కటి పాలు ఊరినప్పుడు వచ్చే చల్లటి వాసన అది. ఆ వాసన తగిలితే చాలు, నాకు అమావాస్య గుర్తొస్తుంది, అమావాస్యతో పాటు మా నాయనమ్మ గుర్తొస్తుంది.

మాది వడ్రంగుల ఇల్లు. చిలకలూరిపేటకి పడమరగా, రోడ్డు దిగి బండిబాటన లోపలికి పోతే వచ్చే ఊరు. చుట్టూ పత్తి, మిరప, ఆ రెండూ లేనిచోట పొగాకు. వానాకాలం కాలికి చెప్పులా అంటుకుని ఊడిరానిది, ఎండాకాలం బొటనవేలు పట్టేంత పగుళ్ళిచ్చేది మా నల్లరేగడి. ఆ నేలలో అన్నీ పండుతాయి గానీ, కాకిని కొట్టడానికి కూడా ఒక రాయి దొరకదు. అందుకని మా వైపు వాళ్ళకి రాయంటే గౌరవం. రోలు, తిరగలి, సానరాయి, ఏదైనా ఎక్కడినుంచో బండెక్కి రావాల్సిందే. పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నట్టే తెచ్చుకునేవాళ్ళు.

మా ఇంటి ముందు తాటాకు చావిడిలో పని జరిగేది. మా నాన్న పేరు వీరాచారి, ఆయన తమ్ముడు సుబ్బాచారి, మాకు బాబాయి. మా తాత నేను పుట్టకముందే పోయాడు, ఆయన నేర్పిన పనే వీళ్ళిద్దరిదీ. గొర్రులు, నాగళ్ళు, బండి చక్రాలు, మంచాలు, ఇంటి తలుపులు ఏ ఇంటికి కావాలన్నా ఆ చావిట్లోనే తయారయ్యేవి. పొద్దున నేను కళ్ళు తెరిచేసరికే చిత్రిక పట్టే చప్పుడు వినపడేది, సర్రుమని పోయి చివర్న చిన్న దగ్గులాగా ఆగేది. చిత్రిక నోట్లోంచి ఉంగరాలు తిరిగి రాలిపడే చెక్కపొట్టు మా ఆడపిల్లల నగలు. టేకు పొట్టుతో గాజులు, వేపపొట్టుతో లోలాకులు, పొడుగ్గా తెగకుండా వచ్చింది దొరికితే వడ్డాణం. బాబాయి కూతురు రమణ, నేను ఆ నగలన్నీ పెట్టుకుని సాయంత్రం దాకా తిరిగేవాళ్ళం, చీకటి పడేవేళకి మా అమ్మ వాటినే పొయ్యిలో పెట్టి అన్నం వండేది. తుమ్మచెక్క పొట్టు మండితే పులుసు రుచే వేరుగా ఉండేదని మా పిన్ని అనేది, అది నిజమో, ఆవిడ చేతి మహిమో ఇప్పటికీ నాకు తెలీదు.

మాకు అమావాస్య సెలవు. ఎంత పెద్ద రైతు గుమ్మంలో నిలబడ్డా, విత్తనాలు పెట్టే అదునులో గొర్రు విరిగిందని మొత్తుకున్నా, ఆ రోజు మా మగవాళ్ళు ఉలి ముట్టేవాళ్ళు కాదు. పనిముట్లన్నిటినీ కడిగి, బొట్టు పెట్టి, చావిట్లో గోడవారగా పడుకోబెట్టేవాళ్ళు. నాన్న చెవిమీద పెన్సిలు కూడా ఆ రోజు గూట్లోకి పోయేది. మధ్యాహ్నానికి గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, ఉంటే పప్పులో నెయ్యి, ఆ తర్వాత నడుం వాల్చి మగవాళ్ళు గుర్రు పెట్టేవాళ్ళు. అప్పుడు మొదలయ్యేది ఆడవాళ్ళ పని. పనిముట్టుకి సెలవు గానీ రాయికి సెలవు లేదని మా నాయనమ్మ చెప్పిన శాస్త్రం.

మా ఇంట్లో మూడు సానరాళ్ళుండేవి, ఒక్కొక్కటీ జానెడు పైన పొడుగు, అరచేయంత వెడల్పు. నల్లదాని మీదా పచ్చదాని మీదా నాన్న, బాబాయి ఉలులకీ చిత్రిక కత్తులకీ పదును పెట్టేవాళ్ళు. కొబ్బరిచిప్పతో నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేస్తూ, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. మూడోది ఎర్రరాయి, నాయనమ్మ కనిగిరి నుంచి కాపరానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు బండిలో సారెతోపాటు పెట్టి పంపింది. దానిమీద మాత్రం ఎవరూ ఏ రోజూ పదును పెట్టలేదు.

రోజూ ఒకేచోట ఇనుము రాస్తే రాయి నడుమ అరుగుతుంది గదా. కంటికి కనపడదు, చేత్తో తడిమితే తెలీదు, కానీ అరచేతిలో గుంట లాంటిది పడుతుంది. గుంటపడ్డ రాయి మీద పదును పెట్టిన ఉలి వాడిగానే ఉంటుంది, గోరు మీద ఆనిస్తే పట్టుకుంటుంది, చేతిమీద వెంట్రుక కూడా తెగుతుంది, అయితే దాని వీపు మాత్రం ఒంపు తిరుగుతుంది. ఒంపు తిరిగిన ఉలి చెక్కలోకి తిన్నగా దిగదు, తనకిష్టమైన వైపుకి పోతుంది. అందుకని నెలకోసారి, అమావాస్య నాడు, రాళ్ళని మట్టం చెయ్యాలి.

వాగు ఇసక తెచ్చి, పాత పంచెలో జల్లించి, మెత్తటి దాన్ని తడిపి రాయి మీద చల్లేవాళ్ళు. నల్లది కింద, పచ్చది పైన పెట్టి సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ ఒరవాలి. కాసేపటికి కిందిదాన్ని పైకి, పైదాన్ని కిందికి మార్చాలి. తర్వాత పచ్చదానితో ఎర్రది, తర్వాత ఎర్రదానితో నల్లది. మా అమ్మ ఒకవైపు, పిన్ని ఒకవైపు కూర్చుంటే, రమణా నేనూ నీళ్ళు పోసేవాళ్ళం. నాయనమ్మ చుట్ట ముట్టించి గోడకానుకుని కూర్చుని, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నదల్లా చప్పుడు విని, ఇక మార్చండి అనేది. రాయి పాలు మా మోకాళ్ళ దాకా కారి, ఎండి, సున్నం కొట్టినట్టయ్యేవి. గరగరలాడే చప్పుడు మెల్లిగా మెత్తబడి, చివరికి పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు వినపడేది. అప్పుడు చాలనేది నాయనమ్మ. సాయంత్రం నిద్ర లేచిన మగవాళ్ళకి చావిట్లో మూడు రాళ్ళూ కడిగి ఆరబెట్టి కనపడేవి. అవి ఎట్లా మట్టంగా ఉంటున్నాయో నాన్నా బాబాయీ ఎప్పుడూ అడగలేదు. మిగిలిన ఇళ్ళల్లో మగవాళ్ళు అన్నం ఎట్లా వస్తుందో అడగనట్టే.

ఇట్లా సాగుతుండగా బాబాయి చిలకలూరిపేటలో ఒక మిల్లుకి కొయ్య పనికని కొన్నాళ్ళు వెళ్ళొచ్చాడు. అక్కడ కరెంటుతో తిరిగే సానచక్రం చూశాడు. చూసినవాడు ఊరుకోలేక, అన్నయ్యని సంతోషపెడదామని, మా తాత చేతి వెడల్పు ఉలిని పట్టుకెళ్ళి ఆ చక్రం మీద పెట్టించి, అద్దంలా మెరిపించి తెచ్చాడు. మొన అంచున మాత్రం నెమలిపింఛంలో కన్నులాగా నీలం తిరిగింది. ఉక్కు కాగితే అట్లా అవుతుందట, పదును నిలవదట. నాన్న దాన్ని తుమ్మచెక్క మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాడు, మొన ముడుచుకుపోయింది. చావిట్లో ఇద్దరు ముగ్గురు రైతులున్నారు. నాన్న ఉలి కింద పెట్టి, తలెత్తకుండా, నీ చేతికి ఉలి ఇచ్చినాయన్ని అనాలి అన్నాడు.

ఇచ్చింది మా తాత. ఆ మాట బాబాయికీ తగిలింది, గుమ్మంలో ఉన్న నాయనమ్మకీ తగిలింది. బాబాయి కొడతి, రంపం ఒక్కొక్కటే గోనెలో వేసుకున్నాడు. వారం తిరిగేసరికి చావిడి నడుమ తడిక లేచింది. పొయ్యిలు రెండయ్యాయి. ఊళ్ళో ఇళ్ళు కూడా పంచుకున్నారు, తూర్పు వీధులు నాన్నవి, పడమటి వీధులు బాబాయివి. నల్లరాయి నాన్న తీసుకున్నాడు, పచ్చరాయి బాబాయి తీసుకున్నాడు. ఎర్రరాయి గురించి ఇద్దరిలో ఎవరూ నోరెత్తలేదు, దానిమీద పదును పెట్టరు గదా.

నాయనమ్మ మాత్రం ఎవరి పంచనా ఉండనంది. పెరట్లో వసారా పక్కన తన మంచం వేసుకుని, ఎర్రరాయిని తీసుకెళ్ళి తన నీళ్ళ గోలెం కింద ఎత్తుగా పెట్టుకుంది. ఆ గోలెం మట్టిది, నలుగురు ఆడవాళ్ళు రోజంతా వాడినా అడుగు కనపడనంత పెద్దది. ఏం చేస్తావే అమ్మా ఆ రాయిని అని బాబాయి అడిగితే, గోలెం ఒరక్కుండా పెట్టానంది. తర్వాత ఇద్దరు కొడుకులూ వినేట్టు పెద్దగా చెప్పింది.

"నా రాయి ఎవరికన్నా కావాలంటే ఇద్దరూ కలిసొచ్చి అడగండి. అడిగిన్నాడు ఇస్తా."

ఎవరికి కావాలి? ఎవరూ అడగలేదు. ఆ వర్షాకాలం పోయింది, పత్తి తీతలు వచ్చాయి. గాలికి ఎగిరొచ్చిన దూది చావిట్లో కొత్తగా వార్నీషు రాసిన మంచాలకి అంటుకునేది, దాన్ని ఏరడానికి రమణని రానివ్వాలా వద్దా అని తడికకి ఇవతల నాన్న, అవతల బాబాయి ఆలోచించేవాళ్ళు. అన్నదమ్ములు ఒక వీధిలో ఎదురైతే ఒకరు గోడవారకి జరిగేవాళ్ళు. నాయనమ్మ పొద్దున్నే లేచి, తన నడుం ఎంత నొప్పిగా ఉన్నా, గోలెం నిండా నీళ్ళు పోయించుకుని, అంచున వేలు ముంచి చూసుకుని, అప్పుడు చుట్ట ముట్టించుకునేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మగవాళ్ళకి మాటల్లేవు గానీ మా అమ్మకీ పిన్నికీ ఒక్కరోజు కూడా మాట ఆగలేదు. మగవాళ్ళకి తెలిస్తే ఊరుకోరని, అమావాస్య నాడు వాళ్ళు నిద్రపోయాక, బట్టలుతకాలని చెప్పి వాగుకి బయల్దేరేవాళ్ళు. మా అమ్మ బట్టల మూట అడుగున నల్లరాయి, పిన్ని మూట అడుగున పచ్చరాయి. మూటలు మోసేది రమణా నేనూ. వాగు ఒడ్డున తుమ్మచెట్టు నీడన కూర్చుని, ఇసకకి కొదవ లేదు కాబట్టి చేతినిండా చల్లి, ఆ రెండు రాళ్ళనీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఒరిచేవాళ్ళు. పిన్ని కొంగున కట్టుకొచ్చిన జంతికలు తింటూ, నెలరోజుల ముచ్చట్లూ ఆ ఒక్క పూటలో చెప్పుకుంటూ. ఎర్రరాయి లేదు గదా అని మా అమ్మ ఓసారి అంటే, అత్తని అడిగితే మన కలయిక బయటపడుతుంది, రెండున్నాయి చాల్లే అక్కా అంది పిన్ని. రాళ్ళు ముద్దుగా అతుక్కునేవి. ఒకదానిమీద ఒకటి పెట్టి పైదాన్ని ఎత్తితే కిందిది కూడా లేచొచ్చేది. నాన్న సాయంత్రం రాయి తడిమి చూసుకుని, వేరుపడితే నా రాయికేమైంది, మట్టంగానే ఉంది అనుకుని మీసం సర్దుకునేవాడు. తడిక అవతల బాబాయీ అదే చేసేవాడని రమణ చెప్పేది.

ఆ ఏడు మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో రత్తమ్మగారు కొత్త ఇల్లు కట్టించింది. పెద్ద రైతు కుటుంబం, నాయనమ్మ ఈడుది, నోరు ఎంత పెద్దదో మనసూ అంతే. ఆవిడ ఇల్లు సరిగ్గా తూర్పు వీధీ పడమటి వీధీ కలిసే మూలన ఉంది. సింహద్వారం ఎవరిదని తేలక అన్నదమ్ములిద్దరూ వెళ్ళి నిలబడ్డారట. మీ నాయన నా పెళ్ళికి పీటలు చేశాడు, మీలో ఒకణ్ణి పిలిచి రెండోవాడి మొహం ఎట్టా చూసేది, చెరో రెక్కా చెయ్యండి అని తీర్పు చెప్పింది ఆవిడ. తడికకి ఇవతల ఒక రెక్క, అవతల ఒక రెక్క తయారవడం మొదలైంది. కొలతలు రమణా నేనూ అటూ ఇటూ మోశాం. అంత మంచి టేకు చావిట్లోకి ఎప్పుడోగాని రాదు. అయినా నాన్నకి పని సాగలేదు. బెజ్జం తిన్నగా దిగడం లేదని, చెక్కలో పొర తిరిగిందని, ఎండకి బిగిసిందని విసుక్కునేవాడు. అవతల బాబాయి కూడా చెక్కనే తిడుతున్నాడని రమణ చెప్పింది. అన్నదమ్ములు ఆ మాటొక్కటే ఒకేలాగా అనుకున్నారు ఆ రోజుల్లో.

శివరాత్రి ముందు రోజున తలుపులు బిగించారు. ఊళ్ళో కళ్ళాల నిండా ఎర్రగా మిరపకాయలు, వీధిలో ఎవరు నడిచినా తుమ్ముతూ నడవాల్సిందే. కోటప్పకొండ తిరనాళ్ళకి ప్రభలు బయల్దేరుతున్నాయని సగం ఊరు అక్కడే గుమిగూడి ఉంది. రత్తమ్మగారు ముందుకొచ్చి రెండు రెక్కలూ పట్టి మూసింది. పైన కలిశాయి. నడుమ కలవడానికి చూశాయి. కింద మాత్రం నాన్న రెక్క బొటనవేలు మందాన ముందుకి, బాబాయి రెక్క అంతే వెనక్కి ఉండిపోయాయి. ఆవిడ తెరిచి మళ్ళీ మూసింది. మళ్ళీ అంతే. గుంపులోంచి ఒకాయన తుమ్ముకుంటూ అన్నాడు.

"ఏం ఆచారీ, తలుపులు గూడా వేరుపడినయ్యా?"

నవ్వులు లేచాయి. నాన్న మూలమట్టం తీసి తమ్ముడి రెక్క మీద పెట్టాడు, బాబాయి తన మూలమట్టం తీసి అన్న రెక్క మీద పెట్టాడు. ఎవరికి వాళ్ళకి ఎదుటివాడి వంకరే కనపడింది. రత్తమ్మగారు నవ్వలేదు. ఫాల్గుణం రాగానే గృహప్రవేశం, సింహద్వారం ఇట్టా వంకరగా పెట్టుకుని ఇంట్లో పాలు పొంగించనని, కుదరకపోతే చెప్పండి, పేట నుంచి ఎవర్నన్నా పిలిపించుకుంటానని మెల్లిగా అంది. ఆవిడ పేట నుంచి పిలిపించిన మర్నాడు ఊరంతా పేట వైపే చూస్తుందని మాకు తెలుసు. తాత పేరుతో నడుస్తున్న చావిడి అది. మా అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలుస్తోంది.

నాయనమ్మకి ఎవరు కబురు పెట్టారో తెలీదు, గుంపుని తోసుకుంటూ వచ్చింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. కళ్ళు మూసుకుని, ఒక అరచెయ్యి నాన్న రెక్క మీద, ఒక అరచెయ్యి బాబాయి రెక్క మీద పెట్టి పైనుంచి కిందిదాకా తడిమింది. పెద్దాడి చెక్క మీద అలలున్నాయి, చిన్నాడి చెక్క మీద గీతలున్నాయి, రాళ్ళు పట్రండి అంది. రమణా నేనూ పరిగెత్తి తెచ్చాం. నాయనమ్మ వాటిని ఒకదానిమీద ఒకటి పెట్టింది. వెంట్రుక దూరే సందు కూడా లేదు. అప్పుడు అన్నదమ్ములిద్దరూ ఏడాది తర్వాత ఒక్క గొంతుతో, రాయి మీద నింద వెయ్యకమ్మా, చూడు ఎంత మట్టంగా ఉన్నాయో అన్నారు.

నాయనమ్మ నాన్న చేతిలో మూలమట్టం లాక్కుని, దాని ఇనప అంచుని నల్లరాయి మీద నిలబెట్టి వెలుతురుకి ఎత్తి చూపించింది. నడుమ సన్నటి వెలుగు గీత. పచ్చరాయి మీద పెట్టింది. నడుమ ఆనింది, రెండు చివర్లా వెలుగు. ఒకటి గుంట, ఒకటి గుబ్బ. ఒకదాంట్లో ఒకటి చక్కగా ఇమిడి, రెండూ కలిసి లోకాన్ని మోసం చేస్తున్నాయి. ఒకటి ఉలి వీపుని ఇటు ఒంచింది, రెండోది అటు ఒంచింది, బెజ్జాలు చెరోవైపుకీ పోయాయి.

ఈ రెండిటినీ కలిపి ఎవరు ఒరిచారని అడిగింది నాయనమ్మ. మా అమ్మ నేల చూసింది. పిన్ని రత్తమ్మగారి గుమ్మానికి కట్టిన మావిడాకులు లెక్కపెట్టింది. ఎవరి రాయి పైన పెట్టారే అని మళ్ళీ అడిగింది.

"అక్కయ్యదే అత్తా. పెద్దది గదా, ఆవిడ రాయి మీద నా రాయి ఎట్టా పెట్టను?" అంది పిన్ని.

అన్నిసార్లూ అంతే. పై రాయి గుంటపడుతుంది, కింది రాయి గుబ్బ తేలుతుంది, అందుకే గదా మార్చి మార్చి ఒరిచేది. మా పిన్ని మర్యాదకి పోయి తోడికోడలి రాయిని ఒక్కనాడు కూడా కింద పెట్టనివ్వలేదు. మార్చమని చెప్పే మనిషి, ఒప్పు తప్పు తేల్చే మూడో రాయి, రెండూ గోలెం దగ్గరే ఉండిపోయాయి. నాన్న మా అమ్మ వైపు చూశాడు, బాబాయి పిన్ని వైపు చూశాడు, ఏడాదిగా మీరు కలుస్తూనే ఉన్నారా అన్న ప్రశ్న ఇద్దరి మొహాల మీదా ఉంది. నాయనమ్మ కొత్తింటి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది, ఆ మిరపకాయల ఘాటుకి నవ్వూ దగ్గూ తుమ్మూ కలిసిపోయి రత్తమ్మగారు మంచినీళ్ళిచ్చేదాకా ఆగలేదు. రాయికి పెద్దా చిన్నా ఏంటే పిచ్చిదానా అని పిన్ని తల నిమిరింది. తర్వాత లేచి, కొడుకుల వైపు తిరక్కుండానే, ఎల్లుండి అమావాస్య, నేను పెరట్లోనే ఉంటానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ అమావాస్య మా ఇంట్లో ఎవరూ మధ్యాహ్నం పడుకోలేదు. నాన్న అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాడు. అప్పటికే బాబాయి అక్కడ జామచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నాయనమ్మ మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. ముగ్గురూ గోలెం వైపు చూస్తున్నారు. వంటింటి కిటికీలోంచి మా అమ్మ, పిన్ని, రమణ, నేను చూస్తున్నాం. నాన్న వంగి గోలెం అంచు పట్టుకుని పక్కకి ఒరగదియ్యబోయాడు. నిండు గోలెం, ఇంతైనా కదల్లేదు. ఒరగదీసినా ఒక్కడే అటు పట్టుకుని ఇటు రాయి ఎట్లా లాగుతాడు? ఎండాకాలం ముందు దిగుడుబావి నుంచి మోసుకొచ్చిన మంచినీళ్ళు పారబోసే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు. నాయనమ్మ రోజూ వేలు ముంచి చూసుకున్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. నాన్న వంగినవాడు వంగినట్టే ఉండి, కింద రాయి వైపే చూస్తూ అన్నాడు.

"ఏరా, అటు పట్టు."

బాబాయి వచ్చాడు. పంచె ఎగగట్టాడు.

"నే ఒరగదీస్తాలే, నువ్వు లాగన్నయ్యా. అసలే నీ నడుం బాగాలేదు."

నీళ్ళు కొంచెం తొణికి ఇద్దరి కాళ్ళమీదా పడ్డాయి. ఎర్రరాయి బయటికొచ్చింది, ఏడాది తడికి అడుగున పాచి పట్టి. నాయనమ్మ చుట్ట బూడిద రాల్చి, సరే, అడిగినట్టే లెండి అంది. అని ఊరుకోలేదు, ఈ అమావాస్య ఒరవడం మగవాళ్ళదే, మీ పెళ్ళాలు చేసిన నిర్వాకం మీరే సరిదిద్దండి అని కూర్చోబెట్టింది. ఇసక జల్లించడం రాదు, చల్లడం రాదు, బలమంతా ముందుకి తోస్తారు. మా అమ్మా పిన్నీ కిటికీలోంచి చెబుతుంటే వింటూ, పెద్దాడి రాయి కింద, చిన్నాడిది పైన, తర్వాత చిన్నాడిది కింద, తర్వాత ఇద్దరిదానిమీదా ఎర్రది. మార్చమని నాయనమ్మ అన్నప్పుడల్లా మార్చారు. ఎండ వాలేదాకా రాళ్ళ చప్పుడే. మట్టం కావడానికి రాయి కొంచెం పోగొట్టుకోవాలి గదా, ఆ పోయిందంతా పాలై పెరట్లో కాలవ కట్టింది. చప్పుడు మెత్తబడ్డాక నాన్న లేచి లోపలికెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చాడు. పారేశాడనుకున్న తాత ఉలి అందులో ఉంది. తమ్ముడి ముందు పెట్టాడు.

"నీలం తిరిగిన మేర అరగదీస్తే చాల్రా. కింద ఉక్కంతా బాగానే ఉంది. నాన్న ఉక్కు గదా."

బాబాయి దాన్ని తీసుకుని చాలాసేపు వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆ రోజు అమావాస్య కాబట్టి ఉలి ముట్టకూడదు, నాయనమ్మ చూసి కూడా చూడనట్టు ఇంకో చుట్ట ముట్టించుకుంది.

మర్నాటి నుంచి కత్తులన్నీ మళ్ళీ మొదటినుంచి సానబట్టి, రెక్కలు విప్పి, బెజ్జాలు సరిచేసి, తడికకి ఇవతల ఒకటీ అవతల ఒకటీ కాకుండా, తడిక తీసేసి ఒకేచోట పడుకోబెట్టి పనిచేశారు. గృహప్రవేశం నాడు రత్తమ్మగారు మూస్తే రెండు రెక్కలూ ఒకే చప్పుడుతో మూతపడ్డాయి. పొయ్యిలు మాత్రం రెండే ఉండిపోయాయి, అది మా అమ్మకీ పిన్నికీ కూడా హాయిగానే ఉంది. అమావాస్యకి మాత్రం అందరూ నాయనమ్మ పెరట్లోనే.

ఇదంతా ఇప్పుడెక్కడుంది? నాయనమ్మ పోయింది, మా అమ్మ పోయింది, నాన్న పోయాడు. చావిడి ఉన్నచోట ఎవరిదో పురుగుమందుల కొట్టు. గొర్రు అంటే మా మనవళ్ళు ఏంటమ్మమ్మా అంటారు, విత్తనం ట్రాక్టరు వెనక మిషనే పెడుతోంది. తలుపులు పాలిథీన్ కవర్లు చుట్టుకుని లారీలో నిలబడి వస్తాయి. కత్తి మొద్దుబారితే పదును పెట్టరు, తీసి పారేసి కొత్తది బిగిస్తారు. మిషనుకి అమావాస్య లేదు. చిత్రిక పొట్టుతో గాజులు చేసుకున్న చేతులు నావీ రమణవీ మాత్రమే మిగిలాయి, రమణకి మోకాళ్ళు, నాకు నడుం.

బాబాయి ఉన్నాడు, పిన్ని ఉంది, ఊళ్ళోనే. బాబాయికి రెండు కళ్ళూ ఆనవు, పని మానేసి చాలా కాలమైంది. పనిముట్లు ఎవరెవరో పట్టుకుపోయారు. మూడు రాళ్ళు మాత్రం మంచం కింద పెట్టుకున్నాడు, అరిగి అరిగి మూడూ ఒక్క మందాన సన్నబడ్డాయి. మొన్నామధ్య నేను వెళ్ళిన రోజు అమావాస్య అయింది. భోజనాలయ్యాక పిన్ని ఇసక జల్లెడ తీసింది. ఇద్దరం ముసలివాళ్ళం గచ్చుమీద చతికిలబడి, ఆగి ఆగి ఒరిచాం, బాబాయి మంచం మీదనుంచి చప్పుడు విని, ఇక మార్చండి అంటూ ఉన్నాడు. అయ్యాక ఒక్కో రాయీ కడిగి చేతికిస్తే అరచేత్తో తడిమి, బాగుందన్నాడు. నాకు ఉండబట్టలేక అడిగాను, ఎందుకు బాబాయ్ ఇంత అవస్థ, పదును పెట్టడానికి ఇంట్లో ఒక్క ఉలి కూడా లేదు గదా అని.

"ఉలి లేకపోతే మాత్రం రాయి వంకరగా ఉండాలా ఏంటే?" అన్నాడు.

ఇంక చెప్పేదేం లేదు, చిక్కుడుకాయలు కూడా అయిపోయినట్టున్నాయి. ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంట ధాన్యం తరగకూడదు, పొయ్యిలో నిప్పు ఆరకూడదు, పిల్లాజెల్లా చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎప్పుడన్నా ఎవరన్నా అలిగితే, ఆ అలక కంచంలో అన్నం చల్లారకముందే చల్లారాలి.